మిర్చి ఒప్పందంలో చట్టం ఎంపిక: నా అనుభవం

కౌలాలంపూర్ కొనుగోలుదారుతో ఎండుమిర్చి సరఫరా ఒప్పందంపై నిన్న సాయంత్రం సంతకాలు పూర్తయ్యాయి. ధర, తేమ శాతం, ఎల్‌సీ (బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రం) ద్వారా చెల్లింపు రెండు రోజుల్లో తేలాయి. తగవు వస్తే ఆర్బిట్రేటర్లు (కోర్టు బదులు తగవు తీర్చే మధ్యవర్తులు) ఏ దేశపు చట్టం ప్రకారం తీర్పు చెప్పాలన్న ఒక్క క్లాజుకే ఐదు వారాలు పట్టింది.

మొదటి ముసాయిదాలో "ఇంగ్లిష్ చట్టం, సింగపూర్ సీటు" అని రాసింది నేనే. సీటు అంటే ఆర్బిట్రేషన్‌కు చట్టపరంగా స్థావరమయ్యే చోటు. గుంటూరు యార్డులో నాకు తెలిసిన ముగ్గురు ఎగుమతిదారుల ఒప్పందాల్లో అలాగే ఉంది. మూడింటిలోనూ ఒకే చోట ఒకే అక్షరదోషం కనిపించిందంటే, ఎవరు ఎవరిని చూసి రాశారో ఊహించుకోవచ్చు. లండన్‌లో ఉండే మా బావగారు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అయినా, "మన దేశపు చట్టమని రాస్తే నిన్ను చిన్న వ్యాపారి కింద జమకడతారు" అనేసరికి, నేను మారుమాట లేకుండా తలూపాను.

వీడియో కాల్‌లో అవతలి న్యాయవాది, ఒక యువతి, మర్యాదగానే అడిగారు: "ఆర్బిట్రేషన్ క్లాజుకు, అంటే తగవును ఆర్బిట్రేటర్లకు అప్పగించే షరతుకు, వర్తించే చట్టం ఏది?" పైనే రాశాం కదా, ఇంగ్లిష్ చట్టమేనన్నాను. "అది సరుకు అమ్మకానికి. నేను అడిగింది ఆర్బిట్రేషన్ క్లాజుకు" అన్నారామె. గంటల లెక్కన ఫీజు తీసుకునే మా హైదరాబాద్ వకీలుగారు మైక్ ఆపేసి కాగితాలు తిరగేస్తున్నారు. అటువైపు ఎవరో ముసిముసిగా నవ్విన శబ్దం స్పష్టంగా వినిపించింది. నెట్ సరిగా రావడం లేదని అబద్ధమాడి కాల్ కట్ చేశాను.

ఆ ప్రశ్న న్యాయమైనదేనని తర్వాత చదువుకుంటే తెలిసింది. సింగపూర్ కోర్టులు సాధారణంగా ప్రధాన ఒప్పందానికి ఎంచుకున్న చట్టాన్నే క్లాజుకూ వర్తింపజేస్తాయి. ఇంగ్లండ్‌లో 2025 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, విడిగా రాసుకోకపోతే సీటు ఉన్న చోటి చట్టమే వర్తిస్తుంది. అందుకే ఆ సంగతిని ఒక ప్రత్యేక వాక్యంలో రాసి తీరాలి. వకీలు చెబుతారని ఎదురుచూస్తే నా గతే పడుతుంది.

అవమానంతో నిద్రపట్టక, ఆ రాత్రే మన 1872 కాంట్రాక్టు చట్టాన్ని, మలేషియా 1950 చట్టాన్ని పక్కపక్కన పెట్టుకుని చదివాను. రెండోది మొదటిదాన్ని చూసి రాసుకున్నదే. ఆలస్యపు పరిహారం గురించి మన 74వ సెక్షన్ చెప్పేదే వారి 75వ సెక్షన్ చెబుతుంది: ఒప్పందంలో రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, దానికి లోబడి సమంజసమైన పరిహారమే దక్కుతుంది. ఇంగ్లిష్ చట్టంలోనైతే, కొనుగోలుదారు ప్రయోజనంతో పోలిస్తే విపరీతం కానంతవరకు, రాసుకున్న మొత్తం పూర్తిగా కట్టాల్సిందే. ఓడ ఆలస్యమైతే వారానికి 2 శాతం కట్టాల్సిన నేను, ఎవరి మెప్పు కోసం దాన్ని నెత్తికెత్తుకున్నట్టు?

మరుసటి వారం మలేషియా చట్టమే పెట్టమని నేనే ప్రతిపాదించాను. తమ దేశపు చట్టాన్ని కాదనలేక అటువైపు వారు కాసేపు మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దాన్ని నేను తనివితీరా విన్నాను. అయితే రాసుకున్న పరిహారం మొత్తం అసమంజసమని రుజువు చేసే భారం ఒప్పందం తప్పిన పక్షానిదేనని, అంటే ఓడ ఆలస్యమైతే నాదేనని, అక్కడి ఫెడరల్ కోర్టు 2018లో చెప్పిందని ఆ తర్వాత తెలిసింది. అందుకని 2 శాతాన్ని 1 శాతానికి దింపించుకున్నాకే సంతకం పెట్టాను. బావగారికి ఇంకా ఫోన్ చేయలేదు.