చంద్రుడి పటానికి పేర్లు కూర్చిన నెల

హనుమకొండలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో నేను గణితం చెబుతాను. ఆగస్టు 23న జాతీయ అంతరిక్ష దినోత్సవానికి తెలుగులో చంద్రుడి పటం చేద్దామని తొమ్మిదో తరగతి అమ్మాయిలు అడిగారు. గీయడం మూడు సాయంత్రాల్లో అయిపోయింది. పేర్లకు మాత్రం నెల పట్టింది.

మా దగ్గరున్న మూడు పుస్తకాలకు ఒకదానితో ఒకటికి పొత్తు కుదరలేదు. చంద్రుడి మీది ఒకే నల్లమచ్చకు ఒకదానిలో ‘ప్రశాంత సముద్రం’, ఇంకోదానిలో ‘శాంతి సాగరం’, మూడోదానిలో లాటిన్ పేరే తెలుగు అక్షరాల్లో ఉంది. ఒక పుస్తకంలోనైతే వానల సముద్రం పేరు పక్క మచ్చ మీద పడింది. ఏది రాయాలి?

ఆ చిక్కులో ఉండగానే మేరీ బ్లాగ్ అనే ఆవిడ గురించి చదివాను. 1858లో ఇంగ్లండులోని చీడిల్ అనే చిన్న ఊళ్లో ఒక న్యాయవాది ఇంట్లో పుట్టింది. విశ్వవిద్యాలయ పట్టా లేదు. సోదరుల బడి పుస్తకాలు ముందేసుకుని గణితం తనంతట తానే నేర్చుకుంది. నడివయసులో తమ ఊళ్లో హార్డ్‌కాసిల్ అనే ఆయన ఇచ్చిన ఖగోళ ఉపన్యాసాలు విని, ఈ రంగంలో తానూ ఏదైనా చేయాలనుకుంది. చంద్రుడి మీది పేర్లను సరిచేసే పని ఆయనే సూచించాడు.

అప్పట్లో మాడ్లర్, ష్మిట్, నీసన్ గీసిన పటాలు వాడుకలో ఉండేవి. ఒకే కొండకు రెండు పేర్లు, ఒకే పేరుకు రెండు బిలాలు, అంటే గుండ్రటి గుంతలు. మూడింటినీ అక్షరం అక్షరం పోల్చి ఆమె చేసిన జాబితా 1913లో అచ్చయింది. అది చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. నూరేళ్ల కిందట ఆమె ముందున్నవీ మూడే, మా ముందున్నవీ మూడే!

ఆమె దారినే పట్టాం. పొడవాటి లెడ్జరు పుస్తకంలో గళ్లు గీశాం. మొదటి గడిలో అంతర్జాతీయ పేరు, తర్వాతి మూడింటిలో మూడు పుస్తకాల మాట, చివరిది ఖాళీ. అందరూ ఒప్పుకున్నాకే చివరి గడి నింపాలన్నది మా నియమం. టైకో, కోపర్నికస్ వంటి మనుషుల పేర్లను అలాగే ఉంచాం. ప్రశాంత సముద్రంలో ఆర్యభట బిలం కనబడగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. తగువంతా సముద్రాల దగ్గరే వచ్చింది.

“మేడం, నీళ్లే లేనప్పుడు సముద్రం అని రాస్తే అబద్ధం కాదా?” అని ఒకమ్మాయి నిలదీసింది. అవి ఒకప్పుడు పొంగిన లావా చల్లారి గట్టిపడిన నల్లరాతి మైదానాలని, 1651లో ఇటలీ ఖగోళ శాస్త్రజ్ఞుడు రిచియోలి తన పటంలో పెట్టిన పేర్లే ఇప్పటికీ నిలిచాయని చెప్పాను. వెనక బెంచీ నుంచి ఇంకో పిల్ల లేచి, “మేముండేది బాలసముద్రంలో. అక్కడ మాత్రం సముద్రం ఉందా?” అంది. కేసముద్రం నుంచి వచ్చే అమ్మాయి దానికి వంత పాడింది. చెరువును సముద్రమని పిలుచుకున్న నేల మాది. నా వివరణ కన్నా ఆ జవాబే బాగుంది. సముద్రాలు సముద్రాలుగానే ఉండిపోయాయి.

పేర్లను ఆకాశంలో సరిచూసుకోవడానికి డెబ్బై మిల్లీమీటర్ల టెలిస్కోపును మా డాబా మీదికి చేర్చాం. మొదట పున్నమి రోజు పెట్టుకోవడం నా పొరపాటే. ఎండ నిట్టనిలువునా పడే ఆ వేళ నీడలుండవు, నీడలు లేకపోతే బిలాల లోతు తెలియదు. పైగా మా టెలిస్కోపులోని అద్దం కుడిని ఎడమ చేస్తుంది. అది గమనించక ఒక జట్టు సముద్రాలన్నీ తారుమారుగా గుర్తించింది, మళ్లీ మొదటి నుంచి గీయాల్సి వచ్చింది. శ్రావణ శుద్ధ అష్టమి నాడు భద్రకాళి చెరువు వైపు నుంచి మబ్బులు కమ్ముకొచ్చినా, పావుగంట తెరిపి దొరికింది. వెలుగూ చీకటీ కలిసే గీత వెంట కొండల అంచులు మెరిశాయి. ఎవరూ మాట్లాడలేదు.

1916 జనవరిలో బ్రిటన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ మొదటిసారిగా స్త్రీలను పూర్తి స్థాయి సభ్యులుగా ఎన్నుకున్నప్పుడు ఆ ఐదుగురిలో బ్లాగ్ ఒకరు. 1935లో కార్ల్ ముల్లర్‌తో కలిసి ఆమె తెచ్చిన గ్రంథమే చంద్రుడి పేర్లకు ప్రమాణమైంది. ఆమె పేరున్న బిలం మనకు కనబడే ముఖానికి దాదాపు నడిమధ్యన, ‘మధ్య అఖాతం’ అనే మైదానంలో ఉంది. వెడల్పు సుమారు ఐదు కిలోమీటర్లు. ఆ రాత్రి ఎంత వెతికినా మాకు చిక్కలేదు.

అంతర్జాతీయ పటం చూసి దాని చోటు గుర్తించాం. మా పటంలో చంద్రుడి అడ్డం ఒక మీటరు, నిజమైన వ్యాసం 3,474 కిలోమీటర్లు. పిల్లలు లెక్క కడితే ఆ బిలానికి ఒకటిన్నర మిల్లీమీటరు కూడా రాలేదు. బాలసముద్రం అమ్మాయి పెన్సిలు బాగా చెక్కి, ఊపిరి బిగబట్టి చుక్క పెట్టింది. పేరు పట్టే చోటు లేక అక్కడి నుంచి పటం అంచు దాకా సన్నని గీత లాగి, దాని చివర రాసింది: మేరీ బ్లాగ్, 1858–1944.