డెనెథార్‌కి జరిగిన అన్యాయం

మేముండేది న్యూజిలాండ్‌లో, వెల్లింగ్టన్ పక్కనే ఉన్న లోయర్ హట్‌లో. ఇక్కడ హైవేని ఆనుకుని డ్రై క్రీక్ అని ఒక రాళ్ళ క్వారీ ఉంది. చూడ్డానికి మామూలు క్వారీయే, లారీలొచ్చి కంకర ఎత్తుకుపోతుంటాయి. ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ సినిమాల కోసం మినాస్ తిరిత్ అనే తెల్లరాతి నగరం సెట్ వేసింది అక్కడే. సెట్ ఎప్పుడో తీసేశారు. అయినా అటు వెళ్ళినప్పుడల్లా మా పిల్లలిద్దరూ కారు అద్దానికి ముఖం ఆనించి చూస్తారు. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలకి ఆ సినిమాలు పరాయి దేశపు కథల్లా అనిపించవు. అందులో కనిపించే కొండలు వాళ్ళు సెలవులకి వెళ్ళే కొండలు.

అందుకే ఆ నగరాన్ని ఏలే డెనెథార్ గురించి మా ఇంట్లో ఇంత వాదన జరిగింది. మా అబ్బాయి దృష్టిలో ఆ కథ మొత్తంలో, లోకాన్నే చెరపట్టాలని చూసే సౌరాన్ కంటే దుర్మార్గుడు డెనెథారే. ‘సౌరాన్ ఎవరో తెలియదు, వట్టి కన్ను. ఈయన నాన్న కదా, నాన్న అలా చేస్తాడా’ అంటాడు. వాడి కోపం నాకు అర్థమైంది. పీటర్ జాక్సన్ 2003లో తీసిన ‘ది రిటర్న్ ఆఫ్ ది కింగ్’ మాత్రమే చూసినవాళ్ళెవరైనా అదే అంటారు. పెద్దకొడుకు బోరోమిర్ చనిపోయాడు. చిన్నకొడుకు ఫారామిర్‌ని తండ్రి చావుకి పంపిస్తాడు. వాడు గుర్రం మీద శత్రువు బాణాలకి ఎదురెళ్తుంటే, ఇక్కడ తండ్రి భోజనానికి కూర్చుని చిన్న చిన్న టమాటాలు పటుక్కున కొరుకుతుంటాడు. ఎర్రటి రసం గడ్డం మీదికి కారుతుంది. పక్కన ఆయన కొలువులో చేరిన పొట్టి మనిషి, హాబిట్ పిప్పిన్ కన్నీళ్ళతో పాట పాడుతుంటాడు. ఆ ఒక్క దృశ్యంతో తీర్పు అయిపోయింది. ఆ తర్వాత మాంత్రికుడు గాండాల్ఫ్ ఆయన్ని కర్రతో కొట్టి పడేస్తే హాల్లో జనం నవ్వుతారు, ఇంట్లో మా వాడూ నవ్వాడు.

ఈ సినిమాకి మూలమైన, టోల్కీన్ 1955లో అచ్చు వేయించిన పుస్తకంలో ఆ టమాటాలు లేవు, ఆ దెబ్బలూ లేవు. అంతకంటే పెద్ద తేడాలే ఉన్నాయి. సినిమాలో డెనెథార్ సాయం కోసం కబురు పంపడానికి ఒప్పుకోడు, కొండల మీద సంకేతాల మంటలు వెలిగించనివ్వడు. పిప్పిన్ దొంగతనంగా ఎక్కి వెలిగించాలి. అక్కణ్ణుంచి శిఖరం తర్వాత శిఖరం, మంచు కొండల మీదుగా మంట పాకుతూ పోతుంది. ఆ దృశ్యం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది. కానీ పుస్తకంలో గాండాల్ఫ్, పిప్పిన్ నగరానికి చేరకముందే, దారిలో ఉండగానే ఆ మంటలు వెలుగుతూ కనిపిస్తాయి. వెలిగించమన్నది డెనెథారే. పొరుగు రాజ్యం రోహన్ రాజు థియోడెన్‌కి ఎర్ర బాణం ఇచ్చి దూతని పంపిందీ డెనెథారే. అంటే ఆ సినిమాలో అందరూ మెచ్చుకునే ఘట్టం కోసం, ఒక పాలకుడు తన పని తాను చేశాడన్న నిజాన్ని తీసేయాల్సి వచ్చింది.

ఇంకా ముఖ్యమైనది పాలంటీర్, దూరాన జరిగేది చూపించే రాయి. డెనెథార్ దగ్గర అలాంటిదొకటి ఉంది. యుద్ధం ముంచుకొస్తోంది, గూఢచారులు తెచ్చే కబుర్లు చాలవు, అందుకని ఒంటరిగా బురుజెక్కి అందులోకి చూస్తుంటాడు. అవతల సౌరాన్ కూడా అలాంటి రాయితోనే కాచుక్కూర్చున్నాడు. ఇన్నేళ్ళ పోరులో సౌరాన్ ఆయన్ని లొంగదీసుకోలేకపోయాడు. ఆ రాయి అబద్ధం చెప్పదు. కానీ ఏ నిజం చూపించాలో ఎంచుకునేది సౌరాన్. శత్రువు సైన్యాలు, ఆయుధాలు, చివరికి నది మీద ఎదురెక్కి వస్తున్న నల్ల తెరచాపల ఓడలు. ఓడలు నిజమే. వాటిలో సాయానికి వస్తున్నది ఆ సింహాసనానికి అసలు వారసుడు అరగార్న్ అన్నది మాత్రం డెనెథార్‌కి కనపడలేదు. ఓటమి ఖాయమన్న నిర్ణయానికి ఆయన వచ్చింది మతి చెడి కాదు, కళ్ళారా చూసిన వాటిని బట్టి. సినిమాలో డెనెథార్ దగ్గర ఈ రాయి ఉన్నట్టే చూపించరు. అర్థమయ్యీ కానట్టు ఒక మాట దొర్లుతుంది, అంతే. కారణం తీసేసి పని ఒక్కటే మిగిల్చితే ఎవరైనా రాక్షసుడిలాగే కనిపిస్తారు.

మా అమ్మాయి వాడికంటే పెద్దది, పుస్తకం కూడా చదువుతోంది. దాని వాదన ఏమిటంటే, సినిమా మూడు గంటల ఇరవై నిమిషాలుంది, ఇంకా ఎంతని చూపిస్తారు అని. నేను ఒప్పుకోలేదు. ఎందుకంటే కొడుకుని పోగొట్టుకున్న తండ్రి దుఃఖం ఎలా చూపించాలో ఆ సినిమా తీసినవాళ్ళకి బాగా తెలుసు. థియోడెన్ కూడా కొడుకుని పోగొట్టుకున్నాడు. రెండో భాగంలో ఆ సమాధి దగ్గర తెల్లపూలు చేతిలో పట్టుకుని, కన్నవాళ్ళు బిడ్డల్ని పూడ్చుకోవాల్సి రాకూడదంటూ ఆయన కుప్పకూలి ఏడుస్తాడు. పుస్తకంలో ఆ దృశ్యం లేదు, సినిమావాళ్ళే రాసుకున్నారు, గొప్పగా రాసుకున్నారు. ఇద్దరు తండ్రులు, ఇద్దరికీ కొడుకు పోయాడు. ఒకరికి పూలిచ్చారు, ఇంకొకరికి టమాటాలిచ్చారు. నిడివి సరిపోక జరిగింది కాదిది.

ఫారామిర్ విషయంలోనూ ఇదే. కథంతా నడిచేది సౌరాన్ ఉంగరం చుట్టూ, చూసినవాళ్ళకి ఆశ పుట్టించే ఉంగరం; పుస్తకంలో అది దారిలో పడి ఉన్నా ముట్టుకోనంటాడు ఫారామిర్. సినిమాలో అతను కూడా చలించాలి, లేకపోతే ఉంగరానికి భయపడేదెవరు అని రచయితల ఆలోచన. అందుకని ఆ ఉంగరం మోస్తున్న హాబిట్ ఫ్రోడోని బందీగా, పాడుబడ్డ ఓస్గిలియాత్ నగరం దాకా లాక్కెళ్తాడు. మరి ప్రేక్షకులు అతన్ని అసహ్యించుకోకూడదు కదా. దానికి విరుగుడుగా తండ్రి ప్రేమకి మొహం వాచిన కొడుకుగా చూపించారు. కొడుకు తప్పుకి సాకు కావలసినప్పుడల్లా తండ్రి ఇంకొంచెం చెడ్డవాడవుతూ వచ్చాడు.

పుస్తకంలో డెనెథార్ మంచి తండ్రి అని నేను అనడం లేదు. పెద్దకొడుకంటే ఎక్కువ ఇష్టం, ఆ సంగతి దాచడు కూడా. అతని బదులు నువ్వు చచ్చిపోయుంటే బాగుండేదన్నట్టు చిన్నకొడుకు ముఖం మీదే అంటాడు. భార్య ఫిందూయిలాస్ పోయేనాటికి పెద్దవాడికి పదేళ్ళు, చిన్నవాడికి ఐదు. అప్పట్నుంచి ఆయన నవ్వడం తగ్గిపోయింది, మాట తగ్గిపోయింది. ముసలితనంలోనూ బట్టల కింద ఇనుప కవచం తొడుక్కునే ఉంటాడు, ఒళ్ళు మెత్తబడకూడదని. ఫారామిర్‌ని గాయాలతో మోసుకొచ్చాక మాత్రం మంచం పక్కన కూర్చుని లేవడు. ఆ ముఖంలో కన్నీళ్ళు పిప్పిన్ అప్పుడే చూస్తాడు. థాంక్స్ చెప్పలేదు, దీవించలేదు, ఊరికే అపాయంలోకి పంపానని తండ్రి తనలో తాను కుమిలిపోతాడు. ఆ మనిషే కొన్ని గంటల్లో ప్రాణమున్న కొడుకుని చితి మీద పడుకోబెట్టి, తనూ కాలిపోవడానికి సిద్ధమవుతాడు. చదువుతుంటే చేతులు వణుకుతాయి. తెలివైనవాడు, బాధ్యత గలవాడు, బిడ్డ మీద ప్రేమ ఉన్నవాడు కూడా అక్కడిదాకా పోగలడన్నది పుస్తకం చెప్తున్న భయంకరమైన విషయం. సినిమాలో ఆ భయం లేదు. మొదట్నుంచీ చెడ్డవాడు, చివర్లో ఇంకో చెడ్డపని చేశాడు, మంటల్లో కొండకొన మీంచి దూకాడు, పీడా పోయింది.

మన సినిమాలు దీనికి ఎదురుదారిలో నడిచాయి. 1958లో వచ్చిన ‘భూకైలాస్’లో రావణుడు అమ్మ కోరిక తీర్చడానికి ఆత్మలింగం కోసం తపస్సు చేసే కొడుకు. 1977లో ఎన్టీఆర్ తనే తీసి, తనే కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడు వేషాలూ వేసిన ‘దాన వీర శూర కర్ణ’లో దుర్యోధనుడికి డ్యూయెట్ కూడా ఉంది. కులం అడ్డుపెట్టి కర్ణుణ్ణి అవమానించిన సభలో లేచి నిలదీసేదీ అతనే. సంక్రాంతి సెలవులకి ఇండియా వెళ్ళినప్పుడు మా నాన్న పక్కన కూర్చుని మా వాడు ఆ సినిమా చూశాడు. మాటలు సగం అర్థం కాలేదు, అయినా తొడ విరిగి పడిపోయిన దుర్యోధనుణ్ణి చూసి గమ్మున ఉండిపోయాడు. ‘తాతయ్యా, ఈయన బ్యాడ్ గై కదా, నాకెందుకు ఏడుపొస్తోంది?’ అని అడిగాడు. ‘ద్రౌపదికి చేసింది మర్చిపోకు, ఏడుపొస్తే ఏడువు. రెండూ చెయ్యొచ్చు’ అన్నాడు మా నాన్న. అంతకంటే బాగా నేను చెప్పలేను.

ఇదంతా సినిమా పిచ్చి అనుకునేవాళ్ళుంటారు. నాకు ఇది ఇంటి విషయం. పరాయి దేశంలో పెరిగే మన పిల్లలకి ఇండియాలో ఉన్న మన పెద్దవాళ్ళు కూడా సినిమా పాత్రల్లాగే అందుతారు, కత్తిరించి, అతికించి. ఫోన్లో ఒక మాట, పెళ్ళిలో ఎవరో అన్న ఒక మాట. పోయినసారి ఊరెళ్ళినప్పుడు మా అమ్మాయి చెవిన అలాగే ఒక మాట పడింది: ‘మీ తాత మీ అత్త చదువు మాన్పించి మీ నాన్నని ఇంజినీరింగ్ చదివించాడు.’ నిజమే. మా మామగారిది ప్రకాశం జిల్లాలో చిన్న వ్యవసాయం. మా వదిన ఇంటర్‌లో మంచి మార్కులతో పాసైంది, డిగ్రీలో చేరలేదు. రెండేళ్ళకి పెళ్ళి చేసేశారు. ఇక మా అమ్మాయి తాతయ్య ఫొటో వంక చూడటం మానేసింది. ఆయన ఇప్పుడు లేరు, వచ్చి తన మాట తను చెప్పుకోలేరు.

నేను ఆయన్ని వెనకేసుకు రాలేదు. అది నా పని కాదనిపించింది. మా వదినకే ఫోన్ చేసి, పిల్ల అడుగుతోంది, నీకు ఇష్టమైతే చెప్పు వదినా అన్నాను. ఆదివారం వీడియో కాల్‌లో కూర్చుంది. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ మాట్లాడింది, చెయ్యి ఆగలేదు.

‘ఆ ఏడు మిరప తోటకి తెగులొచ్చిందమ్మా. కాపు మొత్తం పోయింది. అప్పిచ్చినాయన పొద్దున్నే వచ్చి మా అరుగు మీద కూర్చునేవాడు, అరిచేవాడు కాదు, ఊరికే కూర్చునేవాడు. నాన్న దొడ్డిదోవన పొలం వెళ్ళేవాడు. నా కాలేజీ ఫారం అప్పటికే కొనుక్కొచ్చాడు. నింపింది కూడా ఆయనే, ఆయన చేతిరాతతోనే. అది పెట్టెలో చాలా ఏళ్ళు ఉంది, పారెయ్యలేదు.’

‘మరి మా నాన్న చదువెందుకు ఆపలేదత్తా? నువ్వే కదా బాగా చదివేదానివి?’

‘మగపిల్లాడని. ఇంకేముంది. నేనూ ఒకసారి అడిగాను ఆయన్ని. జవాబు చెప్పలేదు. చెంబెడు నీళ్ళు తాగి బయటికెళ్ళిపోయాడు. తప్పే, నాన్నా. తప్పు కాదని నేనెప్పుడూ అనను. కానీ నన్ను ప్రేమించలేదని ఎవరైనా అంటే మాత్రం ఊరుకోను.’

మా ఆయన పక్క గదిలోంచి అంతా వింటున్నారు. తర్వాత వచ్చి స్క్రీన్ ముందు కూర్చుని ‘అక్కా’ అన్నారు, ఇంకేం మాట్లాడలేకపోయారు. ఆవిడే ఊరి కబుర్లు మొదలుపెట్టింది.

ఇదంతా తెలిశాక మా అమ్మాయి మెత్తబడిందా అంటే లేదు. ‘కారణం తెలిస్తే మాత్రం అత్తకి జరిగింది మారిపోతుందా’ అంది. మారదు. నేను కోరుకున్నదీ అది కాదు. తాతయ్య దుర్మార్గుడైతే అది మా ఇంట్లో ఒక చెడ్డ మనిషి కథ, అంతటితో సరి. ఆయన కూతురి ఫారం తన చేత్తో నింపిన మనిషి అయితే, ఆ పెట్టె మూసిన రోజు గురించి మేమందరం ఆలోచించాలి. మా ఆయన ముఖ్యంగా. అన్యాయం చిన్నది కాలేదు, ఇంకా బరువెక్కింది.

మా అమ్మాయి ఇప్పుడు పుస్తకంలో, సినిమాలో లేని ఒక పాత్ర దగ్గర ఆగింది. బెరెగాండ్ అని డెనెథార్ కాపలా సైనికుడు. ఫారామిర్‌ని చితి మీద పెట్టారని తెలిసి, ఆజ్ఞ మీరి, కాపలా వదిలేసి పరుగెత్తుతాడు. రక్తం చిందకూడని చోట ద్వారపాలకుణ్ణి చంపుతాడు. డెనెథార్ సేవకులు నిప్పు తెస్తుంటే తలుపుకి అడ్డంగా నిలబడి ఇద్దర్ని నరుకుతాడు. వాళ్ళు ప్రభువు చెప్పిన పని చేస్తున్నవాళ్ళే, పాపం. గాండాల్ఫ్ వచ్చేదాకా అలా ఆపడం వల్లే ఫారామిర్ బతికాడు. యుద్ధం అయ్యాక, రాజైన అరగార్న్ తీర్పు చెప్పాల్సి వస్తుంది. చట్టం ప్రకారం దానికి మరణశిక్ష. అరగార్న్ ప్రాణం తీయలేదు, తప్పు లేదనీ అనలేదు. నగరం వదిలి వెళ్ళిపోవాలన్నాడు, వెళ్ళి ఫారామిర్ అంగరక్షకులకి నాయకుడిగా ఉండమన్నాడు.

గొప్ప తీర్పు కదా అన్నాను. మా అబ్బాయి వెంటనే అవునన్నాడు. మా అమ్మాయి ఒప్పుకోలేదు. మరి ఆ ద్వారపాలకుడి ఇంట్లోవాళ్ళకి అరగార్న్ ఏం చెప్పాడో పుస్తకంలో ఎక్కడుందో చూపించమంటోంది. వెతుకుతున్నాం.