ఏకగ్రీవం కాదట

"పోటీకి ఎవలు లేకుంటే ఏకగ్రీవమే కద బిడ్డా! ఇంక ఓట్లెందుకు?"

మార్చి మొదట్లో ఒక ఆదివారం మధ్యాహ్నం, వీడియో కాల్. అమ్మ నల్గొండ జిల్లా మర్రిగూడ మండలంలోని మా ఊళ్లో, ఇంటి ముందు అరుగు మీద. మా పెద్దమ్మాయి ఇక్కడ బ్రిటన్‌లోనే, మాకు నాలుగు గంటల దూరంలో, యూనివర్సిటీ హాస్టల్లో. పిల్ల తెలుగు అమ్మకు సగమే అర్థమవుతుంది, అమ్మ తెలుగు పిల్లకు ముప్పావు. మిగిలింది నేను పూడ్చాలి.

సంగతేమిటంటే, స్టూడెంట్స్ యూనియన్‌లో ముస్లిం విద్యార్థుల ప్రతినిధిగా మా అమ్మాయి నామినేషన్ వేసింది. ఇంకెవరూ వేయలేదు. అయినా పోలింగ్ ఉంటుంది. ఆమె పేరు కింద 'నామినేషన్లు మళ్లీ తెరవాలి' అని ఇంకో గడి ఉంటుందట. రీ-ఓపెన్ నామినేషన్స్, పొట్టిగా రాన్. దానికి ఎక్కువ ఓట్లు పడితే ఒంటరిగా నిలబడ్డ మనిషి కూడా ఇంటికి పోవలసిందే, మళ్లీ మొదటి నుంచి ఎన్నిక. మన అసెంబ్లీ ఎన్నికల్లో నోటా 2013లో వచ్చింది గానీ, దానికి ఎన్ని పడ్డా మిగిలినవాళ్లలో ఎక్కువ వచ్చినవాడే గెలుస్తాడు. ఇదంతా విడమరిచి చెప్పాను.

"అయితే ఆ రాన్‌గాడే ఈమె మీద పోటీ" అని తేల్చేసింది అమ్మ.

ఏకగ్రీవం అంటే ఏమిటో ఆమెకు బాగా తెలుసు. 1995 పంచాయతీ ఎన్నికల్లో మా వార్డు మహిళలకు రిజర్వయింది. పెద్దమనుషులు కూర్చుని, 'దూదేకులోళ్ల ఇంట్ల నుంచి ఒకామెను పెడదాం, లొల్లి ఉండదు' అన్నారట. ఆ లొల్లి లేని ఆమె మా అమ్మ. నాయన ఊళ్లమీద దూది ఏకి, పరుపులు కుట్టి తిరిగొచ్చేసరికి ఇంట్లో వార్డు మెంబరు ఉంది. ఆమెను ఎవరూ అడగలేదు. అయిదేళ్లలో ఎన్నో కాగితాల మీద వేలిముద్ర వేసింది.

ఒక్కసారి మాత్రం వేయలేదు. మా వైపు బోరు నీళ్లంటే ఫ్లోరైడ్. అమ్మ మోకాళ్లు ఇప్పటికీ ఆ కథ చెబుతాయి. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని బయటి దేశాల్లో కూడా పేరుంది. మా వాడకు ఆ పేరూ తెలియదు, ఆ నీళ్లూ రాలేదు. కొంచెం మంచి నీళ్లు పడ్డ బోరు ఊరి ఆ చివరన ఉంటే, మా వాడ దాకా పైపు వేస్తేనే సంతకం అని కూర్చుందట అమ్మ. బొటనవేలు కొంగులో దాచుకుని.

నాకు ఆ తెగువ రాలేదు. నేను నల్గొండలో డిగ్రీ చదివేనాటికి కాలేజీల్లో యూనియన్ ఎన్నికలే లేవు. గోడల మీద నినాదాలుండేవి, సంఘాలుండేవి, బ్యాలెట్ పెట్టె ఉండేది కాదు. ఇక్కడికొచ్చాక తల దించుకుని పని చేసుకోవడమే పద్ధతి అనుకున్నాను. 2015లో వచ్చిన చట్టం, విద్యార్థులు ఉగ్రవాదం వైపు పోకుండా చూసే బాధ్యతను ఇక్కడి బళ్ల మీద, యూనివర్సిటీల మీద పెట్టింది. ప్రివెంట్ అంటారు. రాతలో అది అందరికీ ఒకటే. టెన్షన్ మాత్రం మా లాంటి ఇళ్లలో. అప్పుడు మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. "బడిలో రాజకీయాలు మాట్లాడకు" అన్నాను. "రాజకీయాలంటే ఏంటి నాన్నా?" అంది. "వార్తల్లో వచ్చేవన్నీ" అన్నాను. మర్నాడు బడిలో వాన గురించి కూడా మాట్లాడలేదట. వార్తల చివర అదీ వస్తుంది కదా!

మరుసటి ఏడాది జాతీయ స్టూడెంట్స్ యూనియన్‌కు మలియా బువాటియా అనే ముస్లిం మహిళ అధ్యక్షురాలైంది. ఆమె పాత మాటల మీద పేపర్లలో ఎంత రచ్చ జరిగిందో చూశాక నా భయం ఇంకో మెట్టు ఎక్కింది.

పిల్లకు మాత్రం మా ఊళ్లోనే పట్టుకుంది ఈ ఎన్నికల పిచ్చి. 2019 జనవరిలో నాయన పోతే అందరం ఊరికి వెళ్లాం. అవి సర్పంచ్ ఎన్నికల రోజులు. పలకరించడానికి వచ్చిన అభ్యర్థులు చాప మీద కూర్చుని కళ్లు తుడుచుకుని, లేచేటప్పుడు ఉంగరం గుర్తు కాగితం ఒకరు, కత్తెర గుర్తు కాగితం ఒకరు చాప మీదే పెట్టి పోయేవాళ్లు. నాకు ఒళ్లు మండింది. పిల్ల ఆ కాగితాలన్నీ ఏరి దాచుకుంది.

ఇక నా అసలు అనుమానం, ఓటేసేది ముస్లిం విద్యార్థులే కదా, వీళ్లు ఈమెను తమ మనిషి అనుకుంటారా అని. ఇస్లామిక్ సొసైటీలో పాకిస్తానీ, బంగ్లాదేశీ, సోమాలీ పిల్లలు ఎక్కువ. "ఇంట్లో ఉర్దూనా?" "కాదు, తెలుగు." "ముస్లింలకు తెలుగా?" అటు ఉగాది పండగకు వెళ్తే, "తెలుగు ఎంత చక్కగా మాట్లాడుతున్నావమ్మా, ఎక్కడ నేర్చుకున్నావు?" రెండు చోట్లా ఆశ్చర్యం ఒక్కటే. నానమ్మను దాదీ అనడం కూడా స్నేహితుల దగ్గర నేర్చిందే. ఊళ్లో అలా పిలిస్తే పక్కింటివాళ్లు నవ్వారు. చివరికి ఆమెకు పోస్టర్లు చేసిపెట్టింది ఒక సోమాలీ అమ్మాయి. "నాకూ ఉర్దూ రాదు, ఇన్నాళ్లకు ఒక అభ్యర్థి దొరికింది" అందట.

నమాజు గది, హలాల్ భోజనం ఎటూ ఉన్నాయి. ప్రచారంలో మా అమ్మాయి పట్టుకున్నది చదువు అప్పు. 2012లో ఇంగ్లండ్‌లో ఫీజు ఏడాదికి 9 వేల పౌండ్ల దాకా పెరిగింది. అప్పుకు వడ్డీ ఉంటుంది. వడ్డీ హరామని అప్పు వద్దనుకుని చదువే మానుకునేవాళ్లున్నారు. 2014లో ప్రభుత్వం వడ్డీ లేని పద్ధతి మీద అభిప్రాయాలు అడిగింది, 2017లో చట్టంలో వీలు కల్పించింది, ఆ తర్వాత ఏళ్లకేళ్లు నడిచాయి గానీ పద్ధతి రాలేదు. మేమైతే అప్పు తీసుకున్నాం. నాయన నన్ను ఇక్కడికి పంపింది కూడా నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చే, కాబట్టి నేనేం మాట్లాడను.

ఓటరు నమోదుకు కూడా బల్ల వేసింది. ఇక్కడ ఉంటున్న కామన్వెల్త్ పౌరులకు భారత పాస్‌పోర్టుతోనే ఓటుంది. ఇన్నేళ్లలో నేను నమోదు చేసుకోలేదని తెలిసి, మొదటి దరఖాస్తు నాదే చేయించింది, ఫోన్లో.

రెండో రోజు లైబ్రరీ మెట్ల దగ్గర ఆమె పోస్టర్ ఎవరో చింపారు. మానెయ్ అనబోయి, "ఎంత చింపారు?" అన్నాను.

"సగం. పేరు ఉంది."

అమ్మ సలహా వేరు. "ఓట్లకు పోతే ముందుగాల మంచినీళ్లడుగు బిడ్డా. నీళ్లిచ్చినోళ్లు మాట గూడ ఇంటరు."

"రంజాన్ రోజాలో నీళ్లెట్లా అడగను దాదీ?"

అమ్మ కాసేపు ఆలోచించింది. "అయితే నువ్వే పట్టుకపో, ఇడిసే యాళ్లకు." ఆ వారమంతా ఇఫ్తార్ వరుసల్లో మా పిల్ల నీళ్లు పంచింది.

212 వచ్చాయి. రాన్‌కు 37.

"ఆ ముప్పై ఏడు మంది ఎవలు?"

"తెలియదు దాదీ, రహస్య ఓటు."

"ఊళ్లె గూడ రహస్యమే. మాకు తెల్వకుంటనా?" అని నవ్వింది అమ్మ.

బుధవారం మొదటి మీటింగు, ఏవో కాగితాల మీద సంతకాలు ఉంటాయని పిల్ల చెప్పింది. నేను తెలుగు చేసేలోపే అమ్మ బొటనవేలు కెమెరా ముందు పెట్టి, మెల్లగా కొంగులోకి లాక్కుంది.