సగటు సెగ

ఇండక్షన్ స్టవ్ మీద 200 అన్న అంకె వెలుగుతున్నంత మాత్రాన గిన్నెకు నిలకడగా 200 వాట్లు అందుతున్నట్టు కాదని నాకు ఎప్పటినుంచో తెలుసు. అయినా ఈ రాత్రి అన్నింటికన్నా తక్కువ అంకె మీదే పెట్టిన పాలు మళ్ళీ అడుగంటేసరికి, గిన్నెను నానబెట్టి వచ్చి పడుకున్నా నిద్ర పట్టక, ఇది రాయడానికి కూర్చున్నాను. మాడు కూడా అడుగంతా సమానంగా పడలేదు. గిన్నె నడుమ కాస్త మేర తెల్లగా మెరుస్తూనే ఉంది, దాని చుట్టూ గోధుమరంగు వలయం ఒకటి గీసినట్టుగా అంటుకుంది. గాజు పలక కింద ఉన్న రాగి తీగ చుట్ట నడుమ భాగం ఖాళీగా ఉంటుంది కనుక గిన్నె అడుగును వేడెక్కించే అయస్కాంత క్షేత్రం బలమంతా చుట్టూ ఉన్న వలయం మీదే పడుతుంది. ఏ చోట బలం పడిందో మాడు అచ్చు గుద్ది చూపిస్తుంది.

ఈ యంత్రం అసలు ఏం చేస్తుందో చూడాలంటే పలచటి స్టీలు గిన్నెలో రెండు చెంచాల నీళ్ళు పోసి తక్కువ అంకె మీద పెడితే చాలు. ఒక్కసారిగా సన్నగా రొద మొదలవుతుంది, అడుగు నుంచి బుడగలు గుంపుగా లేస్తాయి, రెండు సెకన్లు గడిచాయో లేదో రొద ఆగిపోతుంది, నీళ్ళు ఏమీ ఎరగనట్టు ఊరుకుంటాయి. ఏడెనిమిది సెకన్ల తరువాత మళ్ళీ అదే తంతు. అంటే మా స్టవ్ ఇచ్చేది 200 వాట్లు కాదు. రెండు సెకన్లు 1000 వాట్లు, ఎనిమిది సెకన్లు సున్నా. ఈ మాట చెబితే మా ఆయన పేపరు మీంచి తలెత్తకుండానే, "సగటున 200 అయింది కదా, ఇంకేం కావాలి నీకు?" అన్నారు. "పాలు సగటు చూసుకుని కాగవండీ" అని ఊరుకున్నాను కానీ, ఆ సగటు అన్న మాట మాత్రం సాయంత్రమంతా నన్ను వదల్లేదు.

లెక్క వేసి చూశాను. పావు లీటరు పాలను ఒక డిగ్రీ వేడెక్కించడానికి వెయ్యి జౌళ్ళకు అటూఇటూగా శక్తి కావాలి. ఒక వాటు అంటే సెకనుకు ఒక జౌలు కనుక రెండు సెకన్ల విసురులో వచ్చేది 2000 జౌళ్ళు, అంటే పాలన్నీ కలిసి రెండు డిగ్రీలు పెరగాలి. కాగితం మీద ఇది ఏ మూలకూ రాని వేడి. కానీ ఆ రెండు సెకన్లలో వేడి పాలన్నిటికీ పాకదు, అడుగునున్న పలచటి పొరలోనే చిక్కుకుంటుంది. ఆ పొర మొత్తం పాలలో ఇరవయ్యో వంతు అనుకుంటే, ఆ కాసిన్ని పాలు ఒక్క విసురుకు 40 డిగ్రీలు ఎగబాకాలి. అప్పటికే 70 దగ్గర ఉన్న పాలకు ఇక మాడక గతేమిటి? గరిటె ఆడిస్తూ పక్కనే నిలబడితే మాడవు, నిజమే; పక్కన నిలబడకుండా ఉండడానికే కదా సన్నని సెగ పెట్టేది.

చిన్నప్పుడు మా ఇంట్లో ఒక కరెంటు పొయ్యి ఉండేది. దానికి మందపాటి ఇనుప పలక, ముందు వైపు గుండ్రటి మర, మర పక్కన చిన్న ఎర్ర దీపం ఉండేవి. అమ్మ మరను చివరి గీత దగ్గరికి తిప్పి, పాలగిన్నె పెట్టి, ఇక దాని వంక చూడకుండా గుమ్మంలో కూర్చుని ఏదో ఒకటి చదువుకునేది. నేను మాత్రం పొయ్యి ముందు బాసింపట్టు వేసుకుని ఆ దీపాన్ని చూస్తూ ఉండేదాన్ని. టిక్కుమని చప్పుడు, దీపం ఆరిపోయేది. చాలాసేపటికి మళ్ళీ టిక్కు, దీపం వెలిగేది. ఒకసారి ఆ మర పట్టేసినప్పుడు నాన్న దాన్ని విప్పి లోపలున్న సన్నని రేకును నా అరచేతిలో పెట్టారు. ఒక వైపు తెలుపు, మరో వైపు పసుపు ఛాయ. వేడికి ఒక లోహం ఎక్కువ సాగుతుందని, మరొకటి తక్కువ సాగుతుందని, రెంటినీ అతికించారు కనుక రేకు వంగిపోయి కరెంటును తెంపేస్తుందని, చల్లారాక మళ్ళీ చదునై కలుపుతుందని చెప్పారు. నేను నమ్మక దాన్ని దీపం సెగకు పట్టుకుని, అది వంగేదాకా చూశాను. వేలు కూడా కాలింది.

ఆ పొయ్యి మంచిదని, ఈ గాజు పలక మోసమని రాయబోయి ఇక్కడ ఆగాల్సి వచ్చింది. ఆ పొయ్యీ అచ్చంగా ఇదే పని చేసేది కదా! దాని సన్నని సెగ కూడా వెలగడం, ఆరడం మధ్య తీసిన సగటే. అయినా పాలు మాడేవి కావు, ఎందుకంటే ఆ విసుర్లన్నిటినీ బరువైన ఇనుప పలక తనలో ఇముడ్చుకుని గిన్నెకు నిదానంగా అందించేది. ఇండక్షన్‌లో అలాంటి పలక లేదు. గిన్నె అడుగే పొయ్యి, ఆ అడుగు అర మిల్లీమీటరు రేకైతే కరెంటు విసురు నేరుగా పాలకే తగులుతుంది. కాబట్టి ఆగి ఆగి మండడం మీద నేను పెంచుకున్న కోపం సగం తప్పుచోట పడింది.

మిగతా సగం మాత్రం అలాగే ఉంది. స్టవ్ తక్కువ సెగను నిలకడగా ఎందుకు ఇవ్వలేదో ఆయనే చెప్పారు, ఈసారి పేపరు పక్కన పెట్టి. ఇలాంటి చవక స్టవ్‌లలో ఒకే ఒక్క ట్రాన్సిస్టరు తీగచుట్టకు కరెంటును సెకనుకు ఇరవై వేల సార్లకు పైగా కలిపి తెంపుతుంది. తన మీది వోల్టేజీ సున్నాకు దిగిన క్షణంలో కలిపితేనే అది చల్లగా ఉంటుంది. సెగ బాగా తగ్గిస్తే చుట్టకు, విద్యుత్తును కాసేపు దాచుకునే కెపాసిటరుకు మధ్య ఊగే శక్తి చాలక వోల్టేజీ సున్నాదాకా దిగదు, ట్రాన్సిస్టరు తానే వేడెక్కిపోతుంది. అందుకని ఒక హద్దు కిందికి దిగకుండా, ఆ హద్దు దగ్గరే కాసేపు మండించి కాసేపు ఆపుతారు. రెండు ట్రాన్సిస్టర్లు పెట్టి కలిపి తెంపే వేగాన్ని, అంటే పౌనఃపున్యాన్ని, పెంచుతూ సెగ తగ్గించే ఖరీదైనవి ఇంకా కిందికి నిలకడగా దిగగలవు. పోనీ విసుర్లనైనా చిన్నచిన్నగా, వెంటవెంటనే ఇవ్వకూడదా అంటే, అంత కరెంటు మాటిమాటికీ వచ్చి పోతుంటే ఇంట్లో దీపాలు మిణుకుమంటాయట. దానికి ఐఈసీ 61000-3-3 అని ఒక అంతర్జాతీయ ప్రమాణమే ఉంది.

ఇదంతా ఒప్పుకోదగ్గదే. ఒప్పుకోలేనిది, స్టవ్‌తో వచ్చిన పుస్తకంలో ఎనిమిది సెగలకూ ఎనిమిది వాట్ల అంకెలు ఠీవిగా అచ్చు వేసి, వాటిలో ఏ అంకె నిజంగా మండే సెగో, ఏ అంకె నుంచి సగటు మొదలవుతుందో ఒక్క ముక్కైనా చెప్పకపోవడం. డిగ్రీల బటన్ ఇంకో వేషం. వేడిని కొలిచే సెన్సరు గాజు పలక కింద కూర్చుని ఉంటుంది. గిన్నె వేడి గాజు దాటి తన దగ్గరికి చేరేసరికి పైన పాలు పొంగి కూర్చుంటాయి.

అడుగు మందం గిన్నెలో పోస్తే ఈ స్టవ్ కూడా బుద్ధిగానే నడుచుకుంటుంది, ఆ మాట దాచను. మొన్న అందులో పాలు అంచుల వెంట సన్నగా వణుకుతూ చాలాసేపు కాగాయి, చూడముచ్చటగా. కానీ బటన్ నొక్కగానే పొంగు ఆగిపోవడమనే సుఖం మందపాటి గిన్నెతో పోయింది, ఇండక్షన్ కొనుక్కున్నదే దానికోసం. ఇక పాలకు మందం గిన్నె, నీళ్ళకు పలచటి గిన్నె అని నిర్ణయించుకున్నాను. ఈసారి స్టవ్ కొనేటప్పుడు మాత్రం చెంచా, చిన్న గిన్నె వెంట తీసుకువెళ్ళి, తక్కువ అంకె మీద రెండు చెంచాల నీళ్ళు పెట్టించి, బుడగలు ఆగకుండా వస్తేనే డబ్బు తీస్తాను. ఆ పని చేసేటట్టయితే తాను బయటే నిలబడతానని ఆయన ఇప్పుడే చెప్పేశారు.