పదో పుస్తకం నాన్నకి చెప్పిన రాత్రులు

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో మార్టిన్ బెక్ నవలల్లో పదోది, ‘ది టెర్రరిస్ట్స్’ ముగింపు ఉంది. చదవాలని ఉన్నవాళ్లు పుస్తకం అయ్యాకే ఇటు రండి.

స్టాక్‌హోమ్ పోలీసు డిటెక్టివ్ మార్టిన్ బెక్, అతని తోటి పోలీసుల కథలు ఇవి, మొత్తం పది. తొమ్మిదోది అయిపోయి రెండేళ్లు దాటింది. పదోది అప్పటికే ఇంట్లో ఉంది. మా విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్లో 80 రూపాయలకి దొరికింది. అట్ట మూల విరిగిపోయి, కాగితాలు టీ రంగుకి తిరిగి ఉన్నాయి. తీయబుద్ధి కాలేదు. అది కూడా చదివేస్తే బెక్, కోల్‌బెర్గ్, గున్వాల్డ్ లార్సన్ ఇక కొత్తగా ఏం మాట్లాడతారు నాతో?

మొన్న వేసవిలో నాన్నకి మోకాలి ఆపరేషన్ అయింది. కదలకుండా మంచం మీదుండటం ఆయన వల్ల కావట్లేదు. టీవీ పెడితే విసుక్కుంటున్నారు. నాన్న హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. ఇంగ్లీషు నవలలు చదవరు. ఇంతకు ముందు కూడా బెక్ కథలు అన్నం దగ్గర ముక్కలు ముక్కలుగా చెప్పేదాన్ని. ఈసారి పూర్తిగా చెప్తానన్నాను. ప్రతి నవలకీ సరిగ్గా 30 చాప్టర్లు. రాత్రికి రెండు చదువుకుని, తెలుగులో చెప్పుకుంటూ వచ్చాను. పదిహేను రాత్రులు.

రాసింది ఇద్దరు, స్వీడన్ వాళ్లు. మాయ్ షోవాల్, పెర్ వాలో. జంటగా బతికారు. పిల్లలు నిద్రపోయాక కూర్చుని చెరో చాప్టరూ రాసేవాళ్లు. 1965లో మొదలుపెట్టారు. పది పుస్తకాలు, 300 చాప్టర్లు, అన్నీ కలిపి ఒకే నవల అని మొదటినుంచీ వాళ్ల లెక్క. అన్నిటికీ కలిపి పెట్టుకున్న పేరు ‘ఒక నేరం గురించిన నవల’. పదోది వచ్చిన 1975లోనే, జూన్‌లో, వాలో చనిపోయారు. 48 ఏళ్లే. షోవాల్ 2020 దాకా ఉన్నారు, కానీ బెక్‌ని ఒంటరిగా మళ్లీ ముట్టుకోలేదు.

నాన్నకి ఈ పోలీసులు నచ్చడానికి కారణం ఉంది. బెక్‌కి ఎప్పుడూ జలుబు, కడుపులో మంట. మొదటి నవలలో కాలవలో దొరికిన శవం ఎవరిదో తెలియడానికే నెలలు పడుతుంది. “అంతేనమ్మా, సినిమాల్లోలాగా సాయంత్రానికి తేలిపోదు” అనేవారు.

ఈ పదో నవల సగానికి సగం బందోబస్తు కథ. అమెరికా సెనేటర్ ఒకాయన స్టాక్‌హోమ్ వస్తున్నాడు. అతన్ని చంపడానికి ఒక ముఠా దిగింది. కాన్వాయ్‌ని క్షేమంగా నడిపించే బాధ్యత బెక్ మీద పడుతుంది. అక్కడ నాన్న లేచి దిండుకి ఆనుకుని కూర్చున్నారు. రూట్ ఎంత పొడుగు, మధ్యలో వంతెనలెన్ని, మేడల మీద మనుషుల్ని పెట్టారా, అన్నీ అడిగారు. గన్నవరం నుంచి బెంజ్ సర్కిల్ దాకా ఆయన నిలబడని చోటు లేదు. “మేం కల్వర్టు కల్వర్టూ దిగి చూసేవాళ్లం” అన్నారు. 2016 కృష్ణా పుష్కరాలప్పుడు పన్నెండు రోజులూ ఘాట్ మెట్ల మీదే ఉన్నారు, తడి బూట్లతో. అరికాళ్లు ఒలిచిపోయి ఇంటికొచ్చిన సంగతి అమ్మ ఇప్పటికీ చెప్తుంది.

ముఠావాళ్లు టీవీలో లైవ్ చూస్తూ రిమోట్‌తో బాంబు పేల్చాలనుకుంటారు. బెక్ ఆ లైవ్‌ని కొన్ని నిమిషాలు ఆలస్యంగా వదలమంటాడు. బాంబు పేలేసరికి కాన్వాయ్ ఎప్పుడో దాటిపోయింది. నాన్న మంచం పట్టె మీద చేత్తో ఒక్కటి కొట్టారు. “శభాష్!” అమ్మ వంటింట్లోంచి ఏమైందని పరిగెత్తుకొచ్చింది.

నా మటుకు నాకు ఆ ముఠా కథ అంత గట్టిగా అనిపించలేదు. వాళ్లు కాగితం మనుషులు. మొదట్లో లాటిన్ అమెరికాలో జరిగే ఘట్టం కూడా కాస్త ఎక్కువే. ఈ పుస్తకం ప్రాణమంతా రెబెకా లిండ్ అనే పిల్లలో ఉంది.

పద్దెనిమిదేళ్ల పిల్ల. చంటిబిడ్డ తల్లి. బిడ్డ తండ్రి వియత్నాం యుద్ధం వదిలి పారిపోయి వచ్చిన అమెరికా కుర్రాడు, తిరిగి వెళ్లి అక్కడ జైల్లో చిక్కుకుపోయాడు. అతని దగ్గరికి వెళ్లడానికి డబ్బు కావాలి. బ్యాంకులో అడిగితే ఇస్తారనుకుని నేరుగా కౌంటర్ దగ్గరికి పోయి అడిగింది. క్యాషియర్ దోపిడీ అనుకుని బెదిరిపోయింది. కేసయింది, కోర్టులో బయటపడింది. కానీ ఆ తర్వాత ఆమె గోడు వినేవాళ్లు ఎవ్వరూ లేరు. ఏ తలుపు తట్టినా జవాబు రాలేదు. ఊళ్లో పోలీసులంతా విదేశీ ముఠా కోసం కాపలా కాస్తుంటే, ఈ పిల్ల చర్చిలోకి నడుచుకుంటూ వెళ్లి సొంత దేశపు ప్రధానమంత్రినే కాల్చేసింది.

అది కల్పన. పదకొండేళ్ల తర్వాత, 1986 ఫిబ్రవరి 28 రాత్రి, స్వీడన్ ప్రధాని ఓలాఫ్ పామే సినిమా చూసి భార్యతో నడిచి ఇంటికి వెళ్తుంటే నిజంగానే వీధిలో కాల్చి చంపారు. వెంట గార్డులు లేరు. ఆ సంగతి చెప్పినా నాన్న పట్టించుకోలేదు. ఆయన మనసు ఆ పిల్ల దగ్గరే ఉంది. చాలాసేపు ఫ్యాన్ వైపు చూస్తూ ఉండిపోయి, నేనెప్పుడూ వినని సంగతి ఒకటి చెప్పారు.

ఏ ఏడో గుర్తులేదట. రామవరప్పాడు దగ్గర తాడు పట్టుకుని నిలబడ్డారు. కాన్వాయ్ ఇంకో రెండు నిమిషాల్లో వస్తుందనగా ఒకావిడ తాడు కింద నుంచి దూరబోయింది, చేతిలో అర్జీ. నాన్న భుజం పట్టి వెనక్కి లాగారు. కార్లు వెళ్లిపోయాయి. ఆవిడ అరవలేదు, తిట్టలేదు. “మీరైనా ఇవ్వండి బాబూ” అని కాగితం ఆయన చేతిలో పెట్టి వెళ్లిపోయింది. ఎనిమిది మడతలు పెట్టిన కాగితం, మడతల దగ్గర చెమటకి ఇంకు పాకిపోయి, ఊరి పేరు కూడా సగమే కనబడుతోందట. స్టేషన్‌లో పైవాళ్లకి ఇవ్వబోతే, ఇది మన పని కాదు, అక్కడ పడెయ్యమన్నారు. పడెయ్యలేదు. ఖాకీ చొక్కా జేబులోనే ఉండిపోయింది. ఓ రోజు చొక్కాతో పాటు ఉతుకులోకి వెళ్లిపోయింది.

“తాడు గట్టిగా పట్టుకున్నందుకు ఆ రోజు నన్ను మెచ్చుకున్నారమ్మా” అన్నారు.

నేనేం మాట్లాడలేకపోయాను. మంచినీళ్లు ఇచ్చి లైటు తీసేశాను.

ఆఖరి రాత్రి మిగిలిన రెండు చాప్టర్లూ చెప్పాను. చివరి ఘట్టంలో కేసు లేదు, ఛేజింగ్ లేదు. బెక్, అతని స్నేహితురాలు రియా, కోల్‌బెర్గ్, అతని భార్య ఒక బల్ల చుట్టూ కూర్చుని అక్షరాలాట ఆడుకుంటుంటారు. కోల్‌బెర్గ్ తొమ్మిదో నవల చివర్లోనే పోలీసు ఉద్యోగం వదిలేశాడు. అతని వంతు వస్తుంది. ‘ఎక్స్’ అంటాడు. మార్క్స్‌లో ఎక్స్. పదేళ్లు, 300 చాప్టర్లు రాసి, వాళ్లు పెట్టిన ఆఖరి మాట అది.

“మన రోడ్డు పేరేగా” అన్నారు నాన్న. మాది మాచవరం డౌన్. ఏలూరు రోడ్డు అసలు పేరు కారల్ మార్క్స్ రోడ్డు. చిన్నప్పుడు నా చెయ్యి పట్టుకుని సైన్ బోర్డుల మీద ఆ పేరు కూడబలుక్కుని చదివించింది ఆయనే.

పుస్తకం మూసి పక్కన పెట్టాను. నిద్రపోయారనుకుని లేవబోతుంటే అడిగారు.

“ఇంతకీ ఆ పిల్ల బిడ్డ ఎవరి దగ్గరుందమ్మా?”

లైటు వేసి, మళ్లీ మొదటి నుంచి కాగితాలు తిప్పడం మొదలుపెట్టాను.