కత్తెర పక్కన పెట్టడం నేర్చుకున్న రోజులు

జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చదువుతున్న రోజుల్లో లేబర్ రూమ్‌లో నాకు మొట్టమొదట నేర్పిన విషయాల్లో ఒకటి, తొలి కాన్పు అయితే బిడ్డ బయటికి వచ్చే దారిని వెడల్పు చేయడానికి యోనిద్వారం దగ్గర కోత పెట్టి తీరాలన్నది. కోత పెట్టకపోతే ఇష్టమొచ్చినట్లు చిరిగిపోతుందని, అప్పుడు కుట్లు వేయడం కష్టమవుతుందని సీనియర్లు చెప్పేవారు. స్టాఫ్ నర్సుగా చేరిన తరువాత ఏడేళ్లపాటు, నొప్పులు పడుతున్న తల్లిని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టడం, బిడ్డ తల కనబడగానే కత్తెర అందుకోవడం నా చేతులకు అలవాటైపోయింది. ఈ తల్లికి ఆ కోత అవసరమా అని ఒక్కసారైనా ఆగి ఆలోచించిన గుర్తు లేదు. కుట్ల నొప్పితో సరిగా కూర్చోలేక, బిడ్డకు పాలు పట్టలేక కన్నీళ్లు పెట్టుకున్న బాలింతలు మాత్రం ఇప్పటికీ గుర్తున్నారు. వారిలో చాలామందికి నా చేతుల మీదుగా అనవసరమైన బాధ కలిగిందని ముందుగా ఒప్పుకోకుండా మిడ్‌వైఫరీ (శిక్షణ పొందిన నర్సు తల్లి వెంట ఉండి సాధారణ కాన్పు చేయించే పని) గురించి రాయడం నాకు సాధ్యం కాదు.

2017లో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యునిసెఫ్‌ల తోడ్పాటుతో కరీంనగర్‌లో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించింది. 2018 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ మార్గదర్శకాలు విడుదల చేసింది. తరువాతి బృందాల్లో ఒకదానిలో నాకు చోటు దొరికింది.

ఆ శిక్షణలో అన్నింటికన్నా కష్టమనిపించింది ఊరకే కూర్చుని కనిపెట్టుకుని ఉండడం. ఒక తొలిచూలు గర్భిణి దగ్గర, పక్కన ఆమె అత్తగారితో కలిసి, తొమ్మిది గంటలు ఉన్నాను. ఆమె నడిచింది, మోకాళ్ల మీద వంగింది, అత్తగారి మెడ చుట్టూ చేతులు వేసి వేలాడింది. నేను అరగంటకోసారి బిడ్డ గుండె చప్పుడు విన్నాను, నడుము రాశాను, నీళ్లు తాగించాను. తల బయటికి వచ్చే వేళ నా చెయ్యి అలవాటు కొద్దీ ట్రే వైపు వెళ్లింది. మాకు నేర్పుతున్న మేడం ఏమీ అనకుండా ఆ చేతిలో గోరువెచ్చని నీటిలో తడిపిన గుడ్డ పెట్టారు. ఆ గుడ్డతో అదిమి పట్టి, తొందరపెట్టకుండా తలను మెల్లగా రానిచ్చాను. ఆ తల్లికి ఒక్క కుట్టు కూడా అవసరం పడలేదు. బొడ్డుతాడులో కొట్టుకోవడం ఆగేదాకా బిడ్డ తల్లి గుండెల మీదే ఉంది.

ఇలా కనిపెట్టుకుని ఉండడాన్ని చూసేవాళ్లు పనిలేక కూర్చోవడం అనుకుంటారు. బిడ్డ గుండె నిమిషానికి 110 కంటే తగ్గినా, 160 దాటినా, ఉమ్మనీరు రంగు మారినా, తల్లికి బీపీ పెరిగినా వెంటనే డాక్టరుకు చెప్పాలి, అవసరమైతే కేసు వారికి అప్పగించాలి. ఆ గీత ఎక్కడుందో తెలియని ఓపిక ప్రమాదకరం. (మా అమ్మమ్మ కాన్పులన్నీ చేసిన మంత్రసానికి కూడా ఓపిక మెండుగా ఉండేదట, రక్తస్రావం మొదలైతే ఆమె చేతిలో ఏ మందూ ఉండేది కాదు. అయినా మంత్రసాని అన్న మాటను ఈనాడు చిన్నచూపుతో వాడేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది.)

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రతి నూరు కాన్పుల్లో 60.7 సిజేరియన్లే, దేశ సగటు 21.5. ముహూర్తం చూసుకుని ఆపరేషన్ అడిగే కుటుంబాలను నేను ప్రతి నెలా చూస్తున్నాను. ప్రాణం నిలిపిన సిజేరియన్లను కూడా అంతే దగ్గరగా చూశాను కనుక ఆ ఆపరేషన్‌ను నేను నిందించను. సాధారణ కాన్పుకు అవసరమైన సమయాన్ని, మనిషిని ఆసుపత్రి ఇవ్వలేనప్పుడు ఆపరేషనే సులువైన దారి అవుతుందన్నది నా అనుభవం.

సర్టిఫికెట్ చేతికి వచ్చాక చదువు ఆగిపోవడం మా వృత్తికి పట్టిన పెద్ద లోపం. నేను చదువుకున్నప్పుడు గర్భాశయ ముఖద్వారం 4 సెంటీమీటర్లు తెరుచుకుంటే పార్టోగ్రాఫ్ (కాన్పు ఎలా సాగుతోందో గీసుకునే పత్రం) మొదలుపెట్టి, ఆపై గంటకు ఒక సెంటీమీటరు చొప్పున తెరుచుకోకపోతే ఆలస్యమవుతున్నట్లు లెక్కించేవాళ్లం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చురుకైన నొప్పుల దశను 5 సెంటీమీటర్ల నుంచి లెక్కించమంది, గంటకో సెంటీమీటరన్న కొలత అందరికీ వర్తించదని చెప్పింది, కోతను రివాజుగా పెట్టవద్దనీ చెప్పింది. 2020లో దానికి తగిన కొత్త పత్రాన్ని కూడా ఇచ్చింది. పాత లెక్కనే పట్టుకుని ఉన్న నర్సు, నిదానంగానైనా సవ్యంగా సాగుతున్న కాన్పును ఆగిపోయిందని అనుకుని డాక్టరును పిలుస్తుంది. శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లను రొటేషన్ పేరిట మెడికల్ వార్డుకో, ఓపీకో పంపడం ఇంకా పెద్ద నష్టం. నన్నూ ఒకసారి అలా పంపారు. ఎనిమిది నెలల తరువాత లేబర్ రూమ్‌కు తిరిగి వచ్చిన మొదటి రాత్రి, నా చేతులు మళ్లీ కత్తెర కోసం వెతికాయి.

బ్రిటన్‌లో పనిచేస్తున్న నా సహాధ్యాయిని ఒకరు అక్కడి పద్ధతి వివరించారు. ప్రతి మూడేళ్లకు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు 450 గంటల పని, 35 గంటల చదువు చూపించడంతో పాటు, తమ పనిని తామే తరచి చూసుకుంటూ అయిదు వ్యాసాలు రాయాలట. ఆ చివరి నియమం నాకు బాగా నచ్చింది. అప్పటి నుంచి డ్యూటీ దిగేముందు ఒక నోటుపుస్తకంలో, తల్లుల పేర్లు లేకుండా, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నానో అరపేజీ రాస్తున్నాను. ఇప్పుడు మా డ్యూటీలోని మరో ముగ్గురు సిస్టర్లు కూడా రాస్తున్నారు.

ఆ నోటుపుస్తకాల్లో నుంచే నెలకోసారి రిహార్సల్ చేసుకోవాలన్న ఆలోచన వచ్చింది. మొదటిసారి కాన్పు తరువాత రక్తస్రావం అయినట్లు ఊహించుకుని, ఒక సిస్టర్‌ను బల్ల మీద పడుకోబెట్టి గడియారం చూసుకుంటూ చేశాం. రక్తస్రావం ఆపడానికి ఇచ్చే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్‌ను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి కనుక మా దగ్గర అది ఫ్రిజ్‌లో ఉంటుంది; ఆ ఫ్రిజ్ తాళంచెవి హెడ్ నర్సు బల్ల సొరుగులో ఉంది, ఆ సొరుగుకు మరో తాళం ఉంది. ఇంజెక్షన్ చేతికి రావడానికి ఆరు నిమిషాలు పట్టింది. మరునాడే ఫ్రిజ్ పక్కన గోడకు మేకు కొట్టించి తాళంచెవి తగిలించాం. వచ్చే నెల బిడ్డ భుజాలు ఇరుక్కున్నప్పుడు ఏం చేయాలో చేసి చూసుకుంటాం. ఈసారి రాత్రి డ్యూటీలోనే.