బెంగళూరులో మా ఆంధ్ర కార్డు మీద బియ్యం తెచ్చుకున్నాం

ఈ నెల స్టోరు బియ్యం బెంగళూరులోనే తెచ్చుకున్నాం, ఒక రాష్ట్రం కార్డు మీద ఇంకో రాష్ట్రంలో రేషను తీసుకునే 'ఒకే దేశం ఒకే రేషన్ కార్డు' పథకం కింద. 15 కిలోలు, రూపాయి కట్టలేదు. మూట ఇంట్లో దించినా మొదటి షాపు డీలరు మీద కోపం మాత్రం దిగలేదు. అది చల్లారకముందే రాస్తున్నా.

మాది కదిరి పక్క పల్లె. వాన పడితేనే వేరుశనగ, లేకపోతే అప్పు. మా వైపు బెంగళూరు బస్సెక్కని ఇల్లు ఉండదు. మా ఆయన సెంట్రింగ్ పనికి పోతాడు, నేను హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో నాలుగిళ్లలో గిన్నెలు తోముతాను. పిల్లోడు పీయూసీ, అంటే మన ఇంటర్. కార్డులో మేం ముగ్గురం, ఊళ్లో ఉన్న మా అత్త. ఇన్నాళ్లూ బియ్యం ఊళ్లోనే వస్తుంటే ఇక్కడ అంగట్లో కొనుక్కుని తిన్నాం.

ముందు కార్డు ఏ రకమో తెలుసుకోవాలి. మా ఆడబిడ్డ ఊరి సచివాలయానికి పోయి అడిగింది, అక్కడే చూసి చెప్పారు. మాది 2013 ఆహార భద్రతా చట్టం కిందికి వచ్చే కార్డే. ఇది చూసుకోకుండా షాపుకు పోకండి. కేంద్రం 2011 జనాభా లెక్కలు పట్టుకుని ఇంతమందికే అని గీత గీసింది. అంతకు మించి ఆంధ్ర ఇచ్చిన కార్డుల ఖర్చు రాష్ట్రానిదే, ఆ కార్డుకు ఇక్కడ గింజ రాదు. మా పక్కింటి మదనపల్లె అక్కది అలాంటిదే. ఆమె మాకంటే పేదరాలు. ఆ గీత గీసినవాళ్లు ఒక్కసారి వచ్చి ఆమె వంటిల్లు చూడాలి.

ఈకేవైసీ, అంటే ఆధార్‌తో కార్డులో పేర్లు సరిచూసుకోవడం, అందరిదీ ముందే అయిపోయింది, దాంతో ఇబ్బంది రాలేదు.

ఇక షాపు. మా వీధి చివర ఉన్నదానికే పోయాను. పనికి సెలవు పెట్టి గంటకు పైగా లైన్లో నిలబడితే, నా వంతు రాగానే డీలరు తలెత్తకుండానే అన్నాడు, "ఆంధ్ర కార్డ్ ఇల్లి నడియల్ల." మీ ఊళ్లోనే తీసుకో, పో అన్నట్టు చెయ్యి ఊపాడు. నేను కదల్లేదు. పదో తరగతి ఫస్ట్ క్లాసులో పాసైన దాన్ని, కన్నడం కూడా బాగానే వచ్చు. 2020 జనవరి నుంచే ఆంధ్ర, కర్ణాటక రెండూ ఒకే దేశం ఒకే రేషన్ కార్డులో ఉన్నాయి, నెంబరు కొట్టి చూడండి, రాకపోతే పోతా అన్నాను. వెనకాల వాళ్లు గొణుగుతున్నారు. చివరికి విసుక్కుంటూ కొట్టాడు. మా నలుగురి పేర్లూ తెర మీద వచ్చాయి! అప్పుడు కూడా మొహంలో మార్పు లేదు, మిషను నా వైపు తోశాడు.

వేలు పెట్టాను. పడలేదు. ఇంకో వేలు, ఇంకో చెయ్యి. అన్నీ ఎర్రగీతే. "తలకు రుద్దుకో" అన్నాడు. అందరి ముందూ జుట్టుకు రుద్దుకుని మళ్లీ పెట్టాను. "సబ్బుతో కడుక్కుని రా" అన్నాడు. రోజంతా సబ్బులో నానే చేతులు నావి, వాటికి ఇంకా సబ్బు కావాలంట! లైన్లో ఒకామె నవ్వింది. డీలరు నా వేలు పట్టుకుని మిషను మీద గట్టిగా అదిమాడు. అప్పుడు నాకు ఏడుపు, కోపం రెండూ ఒక్కసారే వచ్చాయి. "నీది దొంగ కార్డేమో, ఆధార్ ఎవరిదో" అన్నాడు. ఊళ్లో అప్పులోళ్లు కూడా మమ్మల్ని దొంగలు అనలేదు. చెయ్యి లాక్కుని బయటికొచ్చేశాను.

గిన్నెలు తోమేవాళ్లకు, సిమెంటు కలిపేవాళ్లకు వేలిగీతలు అరిగిపోతాయి. రేషను అవసరమైంది ముఖ్యంగా మాలాంటోళ్లకే, అది ఇచ్చే మిషను మాత్రం ఆఫీసులో కూర్చునేవాళ్ల వేళ్లను చూసి చేసినట్టుంది.

ఇంటికొచ్చి ఈ పథకం హెల్ప్‌లైన్ 14445కు ఫోన్ చేశాను. కార్డులో పేరున్నవాళ్లు ఎవరు వేలు పెట్టినా చాలు, ఏ షాపుకైనా పోవచ్చు అని చెప్పారు. ఈ రెండు ముక్కలు ఆ డీలరుకు తెలియవా? తెలుసు. మనకు ఇస్తే తన దగ్గరున్న సరుకు తన కార్డులోళ్లకు తగ్గుతుందని వాడి లెక్క.

పిల్లోడు కాలేజీ మానుకుని వచ్చాడు. బొమ్మనహళ్లి వైపు ఇంకో షాపుకు పోయాం. అక్కడ ఒక ముసలాయన, కాస్త తెలుగు కూడా వచ్చు. పిల్లోడి వేలు మొదటిసారికే పడింది. మనిషికి 5 కిలోల లెక్కన మా ముగ్గురివీ ఇచ్చాడు, అత్త వాటా ఊళ్లోనే ఉంచమంటే ఉంచాడు. 2023 జనవరి నుంచి ఈ బియ్యం ఉచితం. అక్కడ ఉన్న కుర్రాడు "ఖర్చుకు ఇరవై" అని చెయ్యి చాపితే పిల్లోడు ఇవ్వబోయాడు, నేను ఆపాను. మీరూ ఇవ్వకండి. ఇక్కడి కార్డులోళ్లకు అన్నభాగ్య అనే సొంత పథకం కింద కర్ణాటక ఇచ్చే అదనం మనకు రాదు, దాని కోసం గొడవ పడి లాభం లేదు.

ఊళ్లో ఎవరైనా ఉంటే ముందే మాట్లాడుకోండి. అక్కడ వాళ్లు వేలు పెట్టి మొత్తం తీసేసుకుంటే ఆ నెల ఇక్కడ ఏమీ ఉండదు. మా అత్తకు ఫోన్లో చెప్తే, "నా అయిదు కిలోలు నాకు చాలు, మీవి మీరు తెచ్చుకోండి, ఆ డీలరును మాత్రం వదలొద్దు" అంది. కంప్లైంట్ కూడా 14445లోనే ఇచ్చాను.